చౌక వస్తువును “చీపు” మనిషియు

వేసవిలో మైలవరము త్రోవను పోవువారికి ఊరికంటె ముందు మామిడితోటలు కనబడును. రెడ్డిగూడెము, విస్సన్నపేట, ఆగిరిపల్లి, నూజివీడు అను పేరులు వినినంతనే తెలుగువారికి బంగినపల్లి తీపియు, రసముల పరిమళమును జ్ఞప్తికి వచ్చును. 2022వ సంవత్సరము వఱకు ఇవన్నియు కృష్ణాజిల్లాలోనివి. ఇపుడు మైలవరము ఎన్టీఆర్ జిల్లాలోను, నూజివీడు ఏలూరు జిల్లాలోను చేరినవి. జిల్లాల హద్దులు మారినను తోటలు తమ చోటనే యున్నవి. ఎండ ముదరకమునుపే గంపలు నెత్తిన పెట్టుకొని వీధివెంట వచ్చు స్త్రీలును మానలేదు.

ఇటీవల ఒక వేసవిలో ఆ ప్రాంతమున మా బంధువుల యింట కొలది దినములు నిలువవలసివచ్చెను. ఆ యింటివారు చదువుకొన్నవారు. ఆడపిల్లలకును మగపిల్లలకును భేదము లేక విద్య చెప్పించినవారు. ఇంట పనిచేయు మనిషికి వేఱు గ్లాసు పెట్టని సంస్కారము గలవారు. ఈ సంగతి ముందుగ చెప్పుటకు కారణము కలదు. మేము వ్రాయబోవునది దుష్టుల కథ కాదు.

ఒక రాత్రి గాలివాన కొట్టినది. మఱునాటి యుదయమున ఒక వృద్ధురాలు చిన్నరసముల గంపతో వాకిటికి వచ్చెను. వెంట బడికి పోవు వయసుగల మనుమరాలు. ఇల్లాలు బేరము మొదలిడి, క్రిందటి వారపు ధరలో సగమునకు దింపి, డజను పండ్లు తీసికొని, కొసరుగా మఱి రెండు పండ్లు తానే గంపనుండి ఎత్తుకొనెను. ముసలమ్మ ఒకటి చాలునని రెండవదానిని తిరిగి పుచ్చుకొన్నది. ఇల్లాలు మావైపు తిరిగి, “చూశారా అన్నయ్యగారూ, ఒక్క పండు దగ్గర ఎంత చీప్‌గా ప్రవర్తిస్తారో!” అనెను.

ముసలమ్మ మెట్లు దిగుచు, “ఏమందే ఆవిడ?” అని మనుమరాలి నడిగెను. బాలిక క్షణకాలము తలవంచుకొని, “ఏం లేదు అమ్మమ్మా. పళ్లు చవగ్గా ఇచ్చామంటున్నారు” అనెను. ముసలమ్మ సంతోషించి, వెనుకకు వచ్చి, తాను పుచ్చుకొన్న పండును గడపమీద పెట్టి పోయెను.

అరుగుమీద కూర్చుండియున్న మాకు ఇల్లాలి మాటయు, బాలిక మాటయు వినబడినవి. బాలిక చేసిన యనువాదములో అక్షరమైనను తప్పులేదు. ఏ నిఘంటువు తీసిచూచినను ఆ యాంగ్లపదమునకు మొదటి యర్థము “చవక” యనియే యుండును. అయినను ఆమె నిజము చెప్పలేదని ఆమెకును తెలియును, మాకును తెలియును. నిఘంటువులోని యర్థము చెప్పుటయే అబద్ధమగునంతగా ఒక మాట ఎట్లు మారినది? చదువుకొన్న మన యిండ్లలో అది ఏమి పని చేయుచున్నది? ఈ రెండు ప్రశ్నలను విచారించుటకే ఈ వ్యాసము.

మొదట దాని సంచారమును చూతము. పెండ్లిలో కూర రుచింపకున్న “చీప్ భోజనం”. చీర రంగు కంటికి గ్రుచ్చుకొన్న “చీప్‌గా ఉంది”. బస్సులో కాలు త్రొక్కినవాడు మాటయైనను ఆడక పోయిన “చీప్ ఫెలో”. బంధువు మనసు నొచ్చునట్లు పలికిన “చీప్ మనిషి”. నాయకుడు కెమెరాల ముందు దానము చేసిన “చీప్ పబ్లిసిటీ”; అతని ప్రత్యర్థి పన్నుగడ పన్నిన “చీప్ ట్రిక్స్”. సినిమాలో బూతు వినబడిన “చీప్ కామెడీ”. అప్పిచ్చినవాడు గడువు దాటిన పిమ్మట అప్పడిగిన, అదియు “చీప్”!

వీనిలో ధరతో సంబంధము గలవి ఎన్ని? పెండ్లి భోజనమునకు ఆకు ఒకటికి వందలకొలది రూపాయలు పోసియుందురు. చీర పట్టుచీర కావచ్చును. సినిమాకు కోట్లు వెచ్చించియుందురు. ధర హెచ్చిన వస్తువులనుగూడ చౌక యని తిట్టుచున్నాము. అనగా ఈ మాటలో అర్థము అడుగంటి ఈసడింపు మాత్రమే మిగిలినదన్నమాట. ఏవగింపు తోచినపుడు “ఛీ” యనుట మనవారికి పూర్వమునుండియు అలవాటు. ఆ “ఛీ”కి ఇంగ్లీషు తొడుగు తొడిగినట్లుండుటచేత గాబోలు, ఈ పదము మన నాలుకకు ఇంత సులువుగ పట్టుపడినది.

ఇంగ్లీషులోనైనను ఇది పుట్టుకతో తిట్టు కాదు. ప్రాచీనాంగ్లమున దీని మూలపదమునకు బేరము, క్రయవిక్రయము అని యర్థము. లండను నగరమున చీప్‌సైడ్ అను వీధికి ఆ పేరు అంగడివీధి యగుటచేతనే వచ్చినది. ఆ భాషలో పూర్వము “మంచి చీప్” అనిన మంచి బేరమని భావము. కాలక్రమమున “మంచి” జారిపోయి, “చీప్” ఒక్కటియే విశేషణమై నిలిచి, తుదకు విలువలేనిదను అర్థమునకు దిగినది. ఇట్టి పతనములు ఆ భాషలో మఱికొన్ని కలవు. మన సినిమాలవలన పసిపిల్లలకును తెలిసిన “విలన్” అను మాటకు మొదట ప్రభువు భూమిలో పాటుపడు పల్లెవాడని యర్థము. అసభ్యమను భావమున వాడెడి “వల్గర్” అను మాటకు మూలమున సామాన్యజనులకు సంబంధించినదని మాత్రమే యర్థము. పాటుపడువాని పేరు దుష్టునికి వచ్చినది. జనుల పేరు బూతునకు వచ్చినది.

ఇది చూచి మనము ఇంగ్లీషువారిని దూషింపబని లేదు. మన “గ్రామ్యము” ఎక్కడిది? గ్రామమునకు చెందినది గ్రామ్యము; అది అసభ్యమునకు పర్యాయమైనది. నగరమునకు చెందినది నాగరికము. అది మర్యాదకు పర్యాయమైనది. చదువుకొన్నవారు తమ యింట మాటాడుకొను భాషనుగూడ గ్రామ్యమని పండితులు త్రోసివేయుచుండగా, గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) ఆ యొక్క మాటతోనే ఏండ్లతరబడి పోరాడవలసివచ్చెను. 1919లో ఆయన “తెలుగు” అను పత్రికను నడపినది ఆ పోరాటమునకే. ఒక తిట్టును పట్టుకొని ఇంత విచారమేల యని యడుగువారు ఆ చరిత్రను జ్ఞాపకము చేసికొందురు గాక. ఒక విశేషణము ఒక జాతి నోటిని చాలకాలము మూయింపగలిగినది.

మైలవరమునకే వత్తము. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఇచ్చటి జమీందారుల పోషణమున నాటకసమాజము వెలసి ఆంధ్రదేశమున పేరు గాంచినది. ఆ కాలపు నాటకములను తెల్లవార్లు బ్రదికించినవారు నేలమీద కూర్చుండి, పద్యము నచ్చినపుడు “వన్స్‌మోర్” అని కేకలు వేసిన జనులు. వారు కొన్నది నేల టిక్కెట్టు. అన్నిటికంటె చౌక టిక్కెట్టు. ఈనాడు “నేల టిక్కెట్టు అభిరుచి” అనిన నిందయే. టిక్కెట్టు ధరనుబట్టి చెవి గుణమును నిర్ణయించుట మనకును క్రొత్త గాదని దీనివలన తెలియును.

అయినను తెలుగున “చౌక” యను మాట తనంతట తాను నింద కాదు. రేషను బియ్యమిచ్చు అంగడిని మన ప్రజలు చౌక డిపో యనిరి. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యపు పథకమును ప్రవేశపెట్టినపుడు, ఆ బియ్యము తెచ్చుకొన్న తల్లులు చౌక డిపోకు పోయి వచ్చితిమని తలయెత్తియే చెప్పుకొనిరి. ఆకలిగొన్న యింటికి చౌక యనునది ఊరట. అదే యర్థముగల మాట ఇంగ్లీషు వేషమున మన నడవలోనికి వచ్చునప్పటికి తిట్టగుచున్నది.

మామిడి చౌకయగుట యేల? పండు చెడుటచేత గాదు. అందఱి తోటలును ఒక్కసారిగా కోతకు వచ్చుటచేత. తొలికోత బంగినపల్లికి పలికిన ధర సరకు వెల్లువ వచ్చిన దినములలో నిలువదు. నున్న మార్కెట్టునకు కాయబండ్లు వరుసకట్టిననాడు తోటవాడు కొనువాడు చెప్పిన ధరకే ఇచ్చి పోవలెను. ఇంటికి తిరిగి తోలుకొనిపోయిన మఱునాటికి పండు ఆగదు. గాలివానకు రాలిన కాయ యెంత మంచి జాతిదైనను ఊరగాయకో, ఒరుగులకో కారుచవకగా పోవును. చిన్నరసము తొక్క పలుచన, రసము మెండు, దూరప్రయాణమునకు తాళదు, కాబట్టి చుట్టుపట్ల ఊళ్లలోనే గంపలలో అమ్ముడుపోవలెను. చౌకతనము పండు గుణము కాదు; అమ్మువాని అవసరము. ఆ యవసరమును కనిపెట్టి ధర దింపినవారము మనము. దిగిన ధర పేరుతోనే ఆ మనిషిని తిట్టినవారమును మనమే.

ఇక ఈ మాటలోని దోషములను చెప్పుదుము. మొదటిది, ఇది తప్పును చూపదు. తెలుగున అయిష్టమును చెప్పుటకు మాటలు కొఱవా? కూర చప్పగా నున్నదా, వగరుగా నున్నదా, మాడినదా, పులిసినదా? ప్రతి మాటయు వంటవానికి ఒక సంగతి నేర్పును. మనిషి పెడసరి యనిన వంగడని తెలియును. నోటిదురుసు గలవాడనిన మనసు మంచిదే కావచ్చునను ఆశ మిగులును. కక్కుర్తి వేఱు, పిసినారితనము వేఱు: కక్కుర్తివాడు ఇతరులది కోరును, పిసినారి తనది వదలడు. టెక్కు వేఱు, పొగరు వేఱు, మొరటుతనము వేఱు. మొరటువాడు నేర్చుకొనవచ్చును, టెక్కుగలవాడు నేర్చుకొని చెడినవాడు. ఇన్ని తెరువులు మన పెద్దలు వేసియుంచగా, అన్నిటిని పూడ్చి “చీప్” అను ఒక్క గుంట త్రవ్వుకొన్నాము. “చీప్‌గా మాట్లాడకు” అని తల్లి గద్దించిన పిల్లవాడు ఏమి దిద్దుకొనవలెను? గొంతు తగ్గింపవలెనా, బూతు మానవలెనా, పరుల సొమ్ము అడుగుట మానవలెనా? వానికి బోధపడునది ఒక్కటియే: ఎవరో చౌక మనుష్యులున్నారు, నేను వారివలె కనబడరాదు.

ఇదియే రెండవ దోషము. మన భాషలో ఒకరిని తక్కువగా చూచుటకు మంచి మాటలున్నవి: చులకన చేయుట, లోకువ కట్టుట, అలుసుగా చూచుట. వీని పోకడను గమనింపుడు. “ఆయన ఆమెను చులకన చేసినాడు” అనినపుడు తప్పు ఎవరిది? ఆయనది. ఆమె గౌరవమునకు కొఱత లేదు. తక్కువతనము చూచువాని కంటిలో నున్నదని ఈ మాటలు సాక్ష్యమిచ్చును. “ఆమె చీప్” అనినపుడు చూచువాడు తప్పుకొన్నాడు. తక్కువతనము ఆమె యొంటి కంటుకొన్నది. అల్పుడు, నీచుడు అను మాటలు తెలుగునను లేవా యని యడుగవచ్చును. ఉన్నవి. అవి యెంత కటువైనవో అనువారికి తెలియును. కాబట్టి అనుటకు ముందు కొంత జంకుదురు. ఇంగ్లీషు మాటలో ఆ జంకు లేదు.

తప్పును మఱుగుపఱచుటవలన ఎంత కీడో మఱియొక యుదాహరణము చెప్పుదుము. పత్రికలలో “చీప్ లిక్కర్” అను మాట తఱచు చూచుచున్నాము. ఆ మాట వినినవారికి కాపురములు కూల్చునది సీసాలోని ద్రవము కాదు, దాని తక్కువ ధరయే యని తోచును. హెచ్చు ధర పెట్టి గాజుగ్లాసులో పోసికొనువాని యింట భార్య యేడ్వదా? 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు లేచినపుడు దానిని సారా యని పేరు పెట్టి పిలిచి ఎదిరించిరి. వారి యుద్యమ ఫలితముగ 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. రెండవది 1997లో సడలినది. అది వేఱు కథ. పేరు సరిగా పెట్టినవారికే పోరాడుట సాధ్యమైనదని మాత్రము ఇచ్చట చెప్పదలచితిమి.

ఆ సాయంకాలము మేము బాలిక చేసిన యనువాదమును ఇల్లాలికి చెప్పితిమి. ఆమె ముఖము చిన్నబోయినది. కొంతసేపటికి, “నేను వాళ్లని అనలేదు అన్నయ్యగారూ, ఆ పద్ధతిని అన్నాను. తెలుగులో అంటే మరీ మోటుగా ఉంటుందని ఇంగ్లీషులో అన్నాను” అనెను. ఇది అబద్ధపు సమాధానము కాదు. చదువుకొన్న మనలో అనేకుల మనసులోని మాట. కాబట్టి దీనికి ప్రత్యుత్తరము చెప్పవలసియున్నది. తెలుగున అనుటకు నోరు రానంతటి మాటను ఇంగ్లీషున అనవచ్చునా? ఆ పరదా ఎవరికి మఱుగు? అనువారికి మాత్రమే. వినువారికి పూర్వము భాష తెలియకుండుట కొంత రక్షణ యయ్యెను. ఇపుడు ప్రతి గంప వెనుకను బడికి పోవు ఒక మనుమరాలున్నది. ఆ పిల్ల చదువుకొన్న దినమున దేశము బాగుపడునని సంస్కర్తలు చెప్పిరి. ఆమె చదువుకొన్నందులకు మొదట ఉపయోగపడినది మన తిట్టు అర్థము చేసికొనుటకును, దానిని అమ్మమ్మకు తెలియకుండ దాచుటకును అయినచో, ఆ చదువునకు మనమిచ్చిన బహుమానమేమి?

మేము పరభాషాపదములకు శత్రువులము గాము. రైలు, బస్సు, టిక్కెట్టు, సబ్బు, బజారు, దుకాణము తెలుగు మాటలే యైనవి. వానిని వెలివేసి క్రొత్త సమాసములు కూర్చుకొనుమని చెప్పుట వృథాప్రయాస. ఆ పదములు మనకు లేని వస్తువునో, వాడుకనో తెచ్చిపెట్టినవి. “చీప్” తెచ్చినదేమి? ఉన్న మాటలను మఱపించుటయే.

మా హితోపదేశము ఇచ్చటితో ముగిసియున్న మాకు సుఖముగ నుండెడిది. కాని ఆ యిల్లాలు చదువరి. కాఫీ తెచ్చి పెట్టుచు, “మరి పోయినసారి మీరు ఆ నవలని చౌకబారు రచన అని రాశారే, అదేమిటి?” అని యడిగెను. మేము నిరుత్తరులమైతిమి. ఇంగ్లీషు మాటను తప్పుపట్టుచున్న మేము దానికి అచ్చమైన తెలుగుతోబుట్టువును అచ్చుపత్రికలో వాడియుంటిమి. ఆ నవలలోని దోషమేమి? పాత్రలు తమ మాట తాము మాటాడక గ్రంథకర్త మాట వల్లించుట. దుఃఖమునకు కారణము చూపకయే పాఠకుని ఏడ్పింపజూచుట. ఈ రెండు వాక్యములును వ్రాయుటకు సోమరించి “చౌకబారు” అని వ్రాసితిమి. గ్రంథకర్త నేర్చుకొన్నది లేదు. చదువరికి తెలిసినది లేదు. మాకు మాత్రము తీర్పు చెప్పిన గౌరవము దక్కినది.

అంతకంటె అన్యాయమైన సంగతి యేమనగా, తెలుగు చదువు వ్యాపించినది చౌకపుస్తకములవలననే. మద్రాసు గుజిలీ అంగళ్లలో అమ్మిన ముతకకాగితపు ప్రతులు శతకములను, పురాణకథలను పల్లెలకు చేర్చినవి. 1906లో కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు మొదలగువారు నెలకొల్పిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి, చరిత్రను, శాస్త్రములను సామాన్య గృహస్థునకు అందు వెలలో ఇచ్చుటకే పాటుపడినది. తరువాతి తరమున ఎమెస్కోవారి పాకెట్టు పుస్తకములు ఎందఱి యిండ్లలో మొదటి గ్రంథాలయములైనవో మా వయసువారికి తెలియును. వెల తక్కువ పుస్తకములవలన కన్నులు తెఱచిన మేము, చెడ్డ పుస్తకమునకు తక్కువ వెల పేరు పెట్టితిమి. పండ్లు దింపించుకొని అమ్మినవారిని తిట్టుటకును దీనికిని భేదమేమి? ఆ మాటను మేము ఉపసంహరించుకొనుచున్నాము. ఆ నవలపై మా యాక్షేపణ మాత్రము నిలిచియే యున్నది. అది పై రెండు వాక్యములలో నున్నది.

గృహస్థులైన చదువరులకు మా విన్నపము చిన్నది. ఒక నెల దినములు మీ యింట ఈ మాటను ధరలకు మాత్రము వాడిచూడుడు. ఒక వస్తువు నచ్చకున్న ఎందులకు నచ్చలేదో తెలుగున చెప్పుడు. ఒక మనిషి నొప్పించిన ఏమి చేసి నొప్పించినాడో చెప్పుడు. చెప్పబోవునప్పటికి తప్పు మీ కంటికి చిన్నదిగ కనబడవచ్చును. ఒక్కొకప్పుడు అది మీదేయని తేలవచ్చును. ఒక్క పండు దగ్గర పట్టుపట్టినవారు ఆ యుదయమున ఇద్దఱు. అందులో ఒకరికి మాత్రమే పేరు పెట్టబడినది.

మేము ఊరు విడుచుటకు ముందు ఆ ముసలమ్మ మరల వచ్చినది. ఇల్లాలు ఆనాడు బేరము చేయకపోలేదు. బేరము మన సంసారములకు తప్పదు. కాని కొసరు అడుగలేదు. గంపలోనికి డబ్బు వేయుచు, “పోయినసారి పండ్లు చాలా బాగున్నాయి. చవగ్గా ఇచ్చావు కూడా” అని తెలుగున, ఆ బాలిక వినునట్లు చెప్పెను. ఆ పిల్ల తలయెత్తి ఆమెవంక చూచినది. తాను ఆడిన అబద్ధము అప్పటికి నిజమైనదని ఆమెకు తెలిసెనో లేదో మేము చెప్పజాలము.